మూడో ట్యాపెట్ చప్పుడు

మార్చి 3, సోమవారం

క్యామ్‌షాఫ్ట్ మార్చక తప్పదట. అరిగిపోయిందట. లేతు మేస్త్రీ చెప్పాడు. ఇంజను విషయంలో ఆయన మాటే ప్రమాణం.

మా ఆవిడకు ఈ మాటే చెప్పాను. "అరిగిపోయిందా?" అని ఒక్కసారి అడిగి, తడిగుడ్డ పిండుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 4, మంగళవారం

అమ్మాయి పోయి నేటికి నలభై ఒక్క రోజులు. షెడ్డులో పని చేస్తూ చేస్తూ "తలనొప్పిగా ఉందమ్మా, కాసేపు పడుకుంటా" అని, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని వచ్చి ముందుగదిలో సోఫా మీద ఒరిగింది. తలలో రక్తనాళం చిట్లిందని వైద్యులు తరువాత చెప్పారు. ముప్పై నాలుగేళ్లు. నాకు పదే పదే గుర్తుకు వచ్చేది ఆ చేతులే. గోళ్ల చివర నల్లని గీత లేకుండా వాటిని అంతకుముందు ఏనాడూ చూసి ఎరుగను.

షెడ్డులో కారు అలాగే ఉంది. బానెట్ తెరిచి, లోపల గుండె లేకుండా. ఇంజను పక్కన ఇనుప స్టాండు మీద ఉంది. ఆ కారు అమ్మాయి కన్నా ఎనిమిదేళ్లు పెద్దది. ఇరవై ఆరేళ్లు అందులోనే కళాశాలకు వెళ్లి పాఠం చెప్పి వచ్చాను. తరువాత అది మూలన పడింది, నేనూ మూలన పడ్డాను. మా అమ్మాయి ఉద్యోగం వదిలి సొంతంగా ఇంజన్లు విప్పి కట్టే పనిలో స్థిరపడ్డాక, తను మొదట పట్టవలసిన బండి ఇదే అని నిశ్చయించుకుంది. ఇతరుల పనుల మధ్య దొరికిన ఆదివారాల్లో పట్టింది. ఏడాదిన్నర.

పన్నెండో రోజున ఆవిడ నాతో అన్న మాట ఇక్కడ వ్రాసి ఉంచాలి. "ఆ కారు అమ్మొద్దు. అమ్మాయి మొదలుపెట్టినట్టే పూర్తి చేయించండి. వీధి మూల తిరిగేటప్పుడు టక్, టక్ అనేది చూడండి, ఆ చప్పుడు ఒక్కసారి వినాలి నేను. ఆ తర్వాత మీ ఇష్టం."

సరేనన్నాను. ఆ చప్పుడు మా ఇంటి సొత్తు. ఇంజనులో మూడో ట్యాపెట్ చేసే చప్పుడు అది. ఇరవై ఆరేళ్లు ఆవిడ అది విని గేటు తీసేది. నేను హారన్ కొట్టవలసిన అవసరం ఏనాడూ రాలేదు.

మార్చి 5, బుధవారం

అరగలేదు.

మార్చి 6, గురువారం

సోమవారం వ్రాసింది అబద్ధం. నాకోసం నేను వ్రాసుకునే పుస్తకంలో అబద్ధం వ్రాశానంటే, దానికి మించిన వింత లేదు. నేడు నిజం వ్రాస్తాను.

క్యామ్‌షాఫ్ట్ అంటే మూరెడు పొడవున్న ఒక ఉక్కు కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది గుబ్బలు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. ప్రతి గుబ్బ మీదా బొటనవేలంత ఉక్కు గిన్నె ఒకటి బోర్లా కూర్చుని ఉంటుంది. అదే ట్యాపెట్. కడ్డీ తిరిగినప్పుడు గుబ్బ దానిని పైకి నెడుతుంది, అది వాల్వును తెరుస్తుంది. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది గుబ్బ ఆకారం నిర్ణయిస్తుంది. ఛందస్సు బోధించిన వాడికి ఇది అర్థం కాకపోదు. హ్రస్వం ఎంతసేపో, దీర్ఘం ఎంతసేపో, విరామం ఎక్కడో, అంతా ఆ కడ్డీలో ముందే చెక్కి ఉంది. ఇంజను దానిని చదువుకుంటూ పోతుంది, అంతే.

ఏళ్ల తరబడి ఒక గుబ్బ మీద ఒకే ట్యాపెట్ ఒరుసుకుని, రెండింటి ముఖాలూ ఒకదానికొకటి సరిపోయేలా అరుగుతాయి. అందుకే విప్పినప్పుడు వాటి వరస తప్పనివ్వకూడదు. మా అమ్మాయి కోడిగుడ్ల అట్ట కోసి, ఎనిమిది గుంటల్లో ఎనిమిదింటినీ వరసగా పెట్టింది.

అమ్మాయి పోయిన పదిహేడో రోజు మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లాను. అప్పటికి అక్షరం కళ్లకు ఆనడం లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. ఆ అట్ట జిడ్డుగా, నల్లగా, నూనె ఓడుతూ ఉంది. అమ్మాయి వస్తువులు అంత అశుభ్రంగా పడి ఉండడం నాకు సహించలేదు. ఎనిమిదింటినీ ఒక్కసారిగా కిరోసిన్ గిన్నెలోకి వంచాను. ఒక్కొక్కదాన్ని కడిగి, తుడిచి, ఎమరీ పేపరుతో అడుగు భాగం మెరిసేదాకా రుద్దాను. నా పాత కలాల పెట్టెలో, మఖమలు గుడ్డ మీద వరుసగా పేర్చాను. ఎక్కువ మెరిసేవి ముందు.

అట్ట వంటింటి గుమ్మం బయటి చెత్తబుట్టలో వేశాను.

ఆ పూట చాలాకాలానికి నాకు తృప్తి కలిగింది. అది కూడా వ్రాయాలి కనుక వ్రాస్తున్నాను.

మార్చి 7, శుక్రవారం

గుంటల అడుగున అంకెలు ఉన్నాయి. ఎర్ర పెన్సిలుతో వేసినవి. నూనెలో తడిసి మసకగా ఉన్నాయి. చూడలేదు అనుకుంటూ వచ్చాను. చూశాను. గుడ్ల దుకాణం వాళ్ల లెక్క అనుకున్నాను.

మార్చి 8, శనివారం

లేతు మేస్త్రీకి డెబ్బై దాటాయి. మా అమ్మాయికి పని నేర్పింది ఆయనే. పొడవాటి ఇరుకు దుకాణం, రెండు లేతులు, నేలంతా ఉంగరాలు తిరిగిన ఇనుప రజను. కిందటి శనివారం నేను కలాల పెట్టె తెరిచి చూపినప్పుడు ఆయన ముఖం మారిన తీరు నేను చచ్చేదాకా మరచిపోను.

"ఇదేంటి మాస్టారూ, నగలా? ఎవరు చేశారీ పని?"

"నేనే."

ఆయన ఒక్కొక్కటీ తీసి, అడుగు భాగాన్ని వెలుతురుకు ఎత్తి, భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రెండు మొహాలు గుర్తుపట్టగలను. మిగతా ఆరూ కవలలే. మీరు ఎమరీ పెట్టి ఉండకపోతే ఎలాగో తంటాలు పడేవాణ్ణి. ఆనవాళ్లన్నీ చెరిపేశారు."

"అంచనాగా పెడితే?"

"పెడితే పెట్టొచ్చు. నాలుగు రోజులు తిరుగుతుంది. తర్వాత గుబ్బ ట్యాపెట్‌ని తింటుంది, ట్యాపెట్ గుబ్బని తింటుంది. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్లని విడదీసి, ఎవరో ఒకరితో సర్దుకోమంటే సర్దుకుంటారా?"

అని, నా ముఖం చూసి, తానే తల దించుకున్నాడు. "పాపగారు నాకు కొలతలు చూపించింది మాస్టారూ. ఎనిమిది గుబ్బలూ మైక్రోమీటర్ పెట్టి కొలిచింది. మూడోదాని మీద చిన్న నొక్కు ఉంది. సరిచేద్దామా అన్నాను. 'వద్దు మేస్త్రీ, అది మా అమ్మ చెవికి గుర్తు' అంది."

అది కిందటి శనివారం. అక్కడినుంచి ఇంటికి వచ్చి, అరిగిపోయిందని ఆవిడకు చెప్పాను.

ఈ రోజు మళ్లీ వెళ్లాను, వేరే క్యామ్‌షాఫ్ట్ సంగతి తేల్చడానికి. మార్గాలు మూడు. పాతదాన్నే సానపట్టించి కొత్త ట్యాపెట్లు వేయడం మొదటిది. కానీ ఇదివరకే ఎవరో ఒకసారి సానపట్టారు. పైన గట్టిపొర కాగితమంతే మిగిలిందని, ఇంకొకసారి ముడితే లోపలి మెత్తటి ఇనుము బయటపడుతుందని మేస్త్రీ గోటితో కొట్టి చూపించాడు. రెండవది, కర్మాగారంలో ఈ కారుకు మొదట బిగించిన ఆకారంలోనే తయారయ్యే కొత్త క్యామ్. మూడవది, గుబ్బలు మరింత ఎత్తుగా ఉండే వేగపు క్యామ్.

"అది పెడితే పైన ఊపుంటుంది మాస్టారూ. కింద మాత్రం, ఆగి ఉన్నప్పుడు, గుడగుడమని ఊగుతూ ఉంటుంది. కుర్రకారుకి బాగుంటుంది. మీకు నడుం నొప్పి."

మార్చి 9, ఆదివారం

బావమరిది వచ్చాడు. నాకన్నా పదేళ్లు చిన్న. దుఃఖం ఉన్న ఇంట్లో మౌనంగా కూర్చోవడం అతనికి చేతకాదు. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. అందుకు నేను కృతజ్ఞుణ్ణే.

"వేగపుదే పెట్టించండి బావగారూ! ఎన్నాళ్లని నత్తలా తోలతారు? అక్కని పక్కన కూర్చోబెట్టుకుని రయ్యిన పోవచ్చు."

"నీ బావగారు గేరు మార్చేలోపు సైకిళ్లు దాటిపోయేవి," అంది ఆవిడ వంటింట్లోంచి. నలభై ఆరు రోజుల్లో ఆవిడ నోట వచ్చిన మొదటి పరిహాసం. ముగ్గురం నవ్వాం. నవ్వి, ముగ్గురం ఒకేసారి ఆగాం. ఈ మాటకు అందరికన్నా గట్టిగా నవ్వవలసిన మనిషి ఇంట్లో లేదు.

అతను వెళ్లేముందు గుమ్మంలో నా చేయి పట్టుకున్నాడు. "క్యామ్ నిజంగానే అరిగిందా బావగారూ? ఉడుత బాగుందని నాతో అన్నట్టు గుర్తు."

"అరిగింది," అన్నాను.

ఉడుత మేము పెట్టుకున్న పేరు. నాలుగేళ్ల వయసులో గుప్పిట్లో బోల్టులు దాచుకుని, చక్రం మార్చే నాకు ఒక్కొక్కటే అందించేది. సేతువు కడుతున్నంత గంభీరంగా.

మార్చి 10, సోమవారం

అమ్మాయి బల్ల సొరుగులో క్యామ్‌షాఫ్టుల పట్టిక దొరికింది. దానిలో రెండుచోట్ల పెన్సిలు గుర్తులున్నాయి. కర్మాగారపు ఆకారం పక్కన "క్యామ్ పోతేనే ఇది. నాన్నది" అని, వేగపుదాని పక్కన "నాదైతే ఇది" అని.

ముప్పై నాలుగేళ్లలో తనకంటూ ఒక కారు కొనుక్కోలేదు. అందరి కార్లూ బాగుచేసి బస్సులో ఇంటికి వచ్చేది. 'నాదైతే.' ఆ మాట దగ్గర పట్టిక మూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తెరిచాను.

వేగపుదే పెట్టించాలని రోజంతా అనిపించింది. పోయినవాళ్లు అడగక అడిగిన ఒక్క కోరిక అది. గుడగుడమని ఊగితే ఊగనీ, నా నడుము నొస్తే నొయ్యనీ అనుకున్నాను. సాయంత్రానికి మరొకటి తోచింది. తనకేది కావాలో, నాకేది ఇవ్వాలో ఆమెకు స్పష్టంగా తెలుసు. రెండింటినీ వేరువేరుగా వ్రాసి పెట్టుకుంది. ఆ రెంటినీ కూడా నేను కలిపేస్తే, అది మరొకసారి వరస మార్చడమే అవుతుంది.

'నాన్నది' తెప్పించమని మేస్త్రీకి ఫోను చేశాను.

మార్చి 11, మంగళవారం

ఒక పాత సంగతి. అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు నేను ఒక వ్రాతప్రతిని పరిష్కరిస్తున్నాను. దారం చివికిపోయి విడివడిన తాటాకులు, అంకెలు లేనివి. పద్యం నడకను బట్టి, విషయాన్ని బట్టి వాటి వరస కనుగొనడానికి నాలుగేళ్లు పట్టింది. చదువుకునే గది నేల మీద పరిచి ఉంచాను. బడి లేని ఒక రోజున నాకు సాయం చేయాలని అమ్మాయి వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి, పొడుగువి కింద, పొట్టివి పైన చక్కగా కట్ట కట్టింది. నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. మెచ్చుకుంటానని.

రెండు రోజులు మాట్లాడలేదు దానితో. తరువాత ఇది మా ఇంట్లో నవ్వుకునే కథ అయింది. అప్పటినుంచి అమ్మాయి కనబడిన ప్రతిదానికీ అంకె వేసేది. పుస్తకాలకు, చెప్పులకు, విప్పిన ప్రతి బోల్టుకు.

మార్చి 12, బుధవారం

రెండు రోజులు కాదు. తొమ్మిది రోజులు. పదో రోజున జ్వరం వస్తే మాట్లాడాను.

మార్చి 14, శుక్రవారం

మేస్త్రీ దగ్గర అడగకూడని మాట అడిగాను. కొత్త క్యామ్‌తో, కొత్త ట్యాపెట్లతో ఆ పాత చప్పుడు వస్తుందా అని.

"ఎందుకొస్తుంది? కొత్తది కొత్తగానే ఉంటుంది. మెత్తగా తిరుగుతుంది."

"రప్పించడానికి వీలుందా?"

ఆయన చేతిలో పని ఆపాడు. "మూడోదాని దగ్గర వాల్వు గ్యాప్ కాస్త ఎక్కువ వదిలితే టక్కంటుంది. అంటుంది గానీ, అది తప్పు సెట్టింగు మాస్టారూ. పాపగారు ఉంటే నన్ను తిట్టేది."

"ఒక్కసారికే. ఆవిడ విన్నాక సరిచేద్దాం."

"అమ్మగారికి నిజం చెప్పలేదా?"

నేను నేల మీది రజనును చెప్పుతో పక్కకు నెట్టాను. ఆయన లేతు తిప్పుకోసాగాడు. నా వైపు చూడకుండానే, "సరే," అన్నాడు.

నలభై ఏళ్లు నా వృత్తి ఏమిటి? ప్రాచీన గ్రంథాల్లో తరువాతి వాళ్లు జొప్పించిన పద్యాలను ఏరివేయడం. ప్రక్షిప్తం అన్న మాటను తరగతిలో నేను ఉచ్చరించే తీరును విద్యార్థులు అనుకరించేవారు. దొంగ పద్యం కవి గొంతును ఎంత చక్కగా అనుకరిస్తే అంత పాపం అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేను ఒక టక్కును జొప్పించబోతున్నాను. చదివేది ఒక్కరే. ఆవిడకు ఛందస్సు రాదు. ఓదార్పు కోసం చేసే పని వేరు, మోసం వేరు.

వేరు కాదు. అయినా చేస్తాను.

మార్చి 18, మంగళవారం

క్యామ్ వచ్చింది. మేస్త్రీ షెడ్డుకు వచ్చి గుబ్బలకు నల్లటి చిక్కని గ్రీజు పట్టించి కడ్డీని లోపలికి జరిపాడు. కొత్త ట్యాపెట్లు ఎనిమిదీ పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇవి ఎలా పెట్టినా ఒకటే. ఇంకా ఎవరికీ ఎవరూ ఏమీ కారు," అన్నాడు.

ఆవిడ షెడ్డు వైపు రాలేదు. అమ్మాయి పోయిన రోజు నుంచి ఒక్కసారి కూడా రాలేదు. ఇద్దరికీ కాఫీ గట్టు మీద పెట్టి, కేక వేసి వెళ్లింది.

మార్చి 20, గురువారం

ఇంజను కారులోకి ఎక్కింది. మూడోదాని గ్యాప్ వదిలాం. వదిలించాను.

మార్చి 22, శనివారం

ఈ రోజు కారు మోగింది. ఉన్నది ఉన్నట్టు వ్రాస్తాను.

కొత్త క్యామ్ మొదటిసారి తిరిగేటప్పుడు ఒక నియమం ఉంది. ఇంజను అంటుకున్న క్షణం నుంచి ఇరవై నిమిషాలు వేగం తగ్గనివ్వకూడదు, ఆగనివ్వకూడదు. ఆ ఇరవై నిమిషాల్లోనే గుబ్బకూ ట్యాపెట్‌కూ జత కుదురుతుంది. అప్పుడు చెడితే ఇక జన్మలో బాగుపడదు.

"యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారో, ఇక మీకూ నాకూ మాటల్లేవు మాస్టారూ," అన్నాడు మేస్త్రీ. ఆయనకు చెవి మందం. స్పానరంత చెక్కముక్క ఒకటి ఇంజనుకు ఆనించి, రెండో కొసను చెవి దగ్గర ఎముకకు నొక్కిపెట్టి వింటాడు. తాళం తిప్పాను. రెండు దగ్గులు దగ్గి అంటుకుంది. పొగ, గ్రీజు కాలిన వాసన, రేకుల కప్పు అదురు.

ఇరవై నిమిషాలు మనిషి ఒక కాలు మీద ఎంత సుదీర్ఘంగా బతకవచ్చునో నాకు తెలిసింది. పన్నెండో నిమిషానికి పిక్క వణకసాగింది. "కాలు వణికితే ఇంజను వణుకుతుంది!" అని అరిచాడు మేస్త్రీ. నాకు కంఠస్థమైన పద్యాలు వందలున్నాయి. ఒక్కటీ తోడు రాలేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టాను. మళ్లీ ఒకటి నుంచి.

"ఇంక వదలండి."

వదిలాను. రొద దిగివచ్చింది. నిమ్మళించింది. టక్. టక్. టక్.

అద్దంలో చూస్తే ఆవిడ షెడ్డు గుమ్మంలో ఉంది. చేతులకు సబ్బు నురగ, ఉతుకుతున్న బట్టలు వదిలేసి వచ్చినట్టుంది. లోపలికి ఒక అడుగు వేసింది. కళ్లు మూసుకుని వింది.

"బాగుంది," అంది. మేస్త్రీతో "చేతులు కడుక్కోండి, భోజనం చేసి వెళుదురుగాని," అని లోపలికి వెళ్లింది.

ఆయన తిని వెళ్లిపోయాడు. ఆవిడ బల్ల తుడుస్తూ, తుడుస్తూ, గుడ్డ మీదనుంచి చేయి తీయకుండా అడిగింది.

"ఏమండీ, ఆ చప్పుడు ఎవరు పెట్టారు?"

"పెట్టడమేమిటి?"

"గడియారం కొట్టినట్టు కొడుతోంది. అది అలా కొట్టేది కాదు. రెండుసార్లు కొట్టి, ఒకసారి మరిచిపోయి, గుర్తొచ్చినట్టు మళ్లీ కొట్టేది. ఇరవై ఆరేళ్లు విన్నాను. నాకు తెలియదా?"

నలభై ఏళ్ల నా విద్య ఆ వంటింట్లో తల దించుకుంది. చెప్పాను. కిరోసిన్ గిన్నె, ఎమరీ పేపరు, కలాల పెట్టె, చెత్తబుట్ట. అరిగిపోయిందన్న అబద్ధం. గ్యాప్. ఏదీ మిగల్చలేదు.

ఆవిడ విని, "తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గిన్నెలోకి వంచేశారు. వాటి వరస మారకూడదని ఉడుత నాకు వందసార్లు చెప్పింది. అరిచి ఆపాల్సింది."

"ఎందుకు ఆపలేదు?"

"అప్పటికి పదిహేడు రోజులు. మీరు కుర్చీలోంచి లేచి చేత్తో ఒక పని పట్టుకోవడం అదే మొదటిసారి. తలవంచుకుని అంత శ్రద్ధగా తుడుస్తున్నారు. ఆపబుద్ధి కాలేదు." గుడ్డ మడిచి బల్ల అంచున పెట్టింది. "చప్పుడు పోతే పోయింది, మనిషి లేచాడు కదా అనుకున్నాను."

ఒక్కటే అడిగాను. "మరి క్యామ్ అరిగిందన్నప్పుడు, అరిగిందా అని ఎందుకడిగావు?"

"అప్పుడైనా చెప్తారేమోనని."

మార్చి 23, ఆదివారం

నిన్నటిది పూర్తి కాలేదు. చేయి సాగక ఆపేశాను.

ఆవిడ గదిలోకి వెళ్లి, బీరువాలో బట్టల అడుగునుంచి ఆ గుడ్ల అట్ట తెచ్చింది. చెత్తబుట్టలోంచి ఆ సాయంత్రమే తీసిందట. "దీని మీద దాని చేతిరాత ఉంది. పారేయనిస్తానా?" అంది. ఎనిమిది గుంటలు. ఎనిమిది ఎర్ర అంకెలు.

"ఇన్నాళ్లూ చూపించలేదేం?"

"వెనక తిప్పి చూడండి. మీరు చదివితే తట్టుకోలేరని దాచాను. ఇప్పుడు దాచడం నా వల్ల కాదు."

తిప్పాను. అడుగున, నూనె మరక అంచున, అదే ఎర్ర పెన్సిలుతో, నిలువు గీతలు వంకరపోయే ఆమె అక్షరాలు.

"నాన్నా, ఇవి నీ తాటాకులనుకో. తుడిస్తే తుడువు, వరస మాత్రం మార్చకు."

నేను షెడ్డులోకి వస్తానని ఆమెకు తెలుసు. తుడుస్తానని తెలుసు. తిట్టలేదు. తుడవడానికి అనుమతి కూడా ఇచ్చింది. ఎనిమిదేళ్లప్పటి ఆ తొమ్మిది రోజులను ఇరవై ఆరేళ్లు మోసి, చివరికి నాకొక వేళాకోళంగా చేసి, నా చేతికి అందేచోట పెట్టింది. వందల ఏళ్ల నాటి చెదలు తిన్న అక్షరాన్ని కూడబలుక్కుని చదివినవాణ్ణి. నా కోసమే వ్రాసిన ఒక్క వాక్యాన్ని బోర్లించి చూడలేదు.

మార్చి 25, మంగళవారం

మేస్త్రీ వచ్చి మూడోదాని గ్యాప్ సరిచేశాడు. "ఇప్పుడు పాపగారు తిట్టదు," అన్నాడు. టక్కు లేదు. ఇంజను మెత్తగా, ఎవరిదో అన్నట్టు తిరుగుతోంది.

మార్చి 27, గురువారం

కారు తీసుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. మూల తిరిగాను. గేటు మూసే ఉంది. ముప్పావు నిమిషం ఆగి, జీవితంలో మొదటిసారి నా ఇంటి ముందు హారన్ కొట్టాను.

ఆవిడ వచ్చి తీసింది. "వినబడలేదండీ," అంది. తన తప్పయినట్టు.

మార్చి 30, ఆదివారం

మధ్యాహ్నం కలాల పెట్టెలోంచి పాత ట్యాపెట్లు తీసి, ఆ అట్టలో ఎనిమిది గుంటల్లో ఎనిమిదింటినీ పెట్టాను. ఏది ఎక్కడిదో నాకు తెలియదు. ఇక తెలిసేవారు లేరు. అట్టను షెడ్డులో అమ్మాయి బల్ల మీద, మొదట ఉన్న చోటనే ఉంచాలని ఇద్దరం అనుకున్నాం.

పూర్వం లేఖకులు ప్రతి వ్రాయడం ముగించాక చివరి ఆకున తమ పేరు చెప్పుకుని, దొర్లిన తప్పులకు చదువరిని మన్నింపు కోరేవారు. అలాంటి చివరి ఆకులను వందలకొద్దీ చదివాను. ఏనాడూ ఒకటి వ్రాయలేదు. వరండాలో కూర్చుని, ట్యాపెట్లను ఆవిడ కొంగులోకి జాగ్రత్తగా వంచి, అట్టను బోర్లించి, అమ్మాయి వాక్యం కింద వ్రాయడానికి ఎర్ర పెన్సిలు చెక్కుకున్నాను. చాలా వ్రాద్దామనుకున్నాను. మూడు మాటలే పట్టే చోటు ఉంది.

మార్చాను తల్లీ. నాన్న.